నాన్నగారు ఇల్లు చేరారు: అయోవాలోని ఒక రైతు ఇల్లాలికి కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం నాన్నగారిని ఆసుపత్రి నుంచి డెమోయిన్‌లోని మా ఇంటికి తీసుకొచ్చాము. 19 రోజుల తరువాత ఆయన తన చేత్తో కలుపుకొని పెరుగన్నం తిన్నారు. నాకు ఇంకా సరైన నిద్ర లేదు. అయినా ఈ రాత్రే రాయకపోతే మనసు ఊరుకోదు.

అమ్మానాన్నలతో, నాలుగేళ్ల మా పాపతో ఇల్లినాయ్ రాష్ట్రంలోని అరోరా బాలాజీ దర్శనం చేసుకొని తిరిగి వస్తుండగా, ఇంటర్‌స్టేట్ 80 మీద మంచుగాలి లేచి ముందు వెళ్తున్న లారీ కూడా కనిపించకుండా పోయింది. మేము మెయిన్ రోడ్డు దిగి ఒక చిన్న ఊరి దారి పట్టిన కాసేపటికే కారు జారి పక్క కాలువలోకి ఒరిగింది. అదే సమయంలో నాన్నగారికి ఛాతీలో నొప్పి మొదలైంది, ఒళ్లంతా చెమటలు పట్టాయి. అంబులెన్సు రావడానికి 40 నిమిషాలు పట్టింది. అది వచ్చినవాళ్ల తప్పు కాదు. వాళ్లంతా పగలు తమ తమ ఉద్యోగాలు చేసుకుంటూ, పిలుపు వస్తే పరుగెత్తుకొచ్చే స్వచ్ఛంద సేవకులు. చేర్చింది పాతిక పడకలు కూడా లేని ఆసుపత్రిలో. అయోవా సిటీలోని పెద్దాసుపత్రికి తరలించాలన్నారు గానీ, ఆ గాలికి హెలికాప్టరు ఎగరలేదు, రహదారిని మూసేశారు.

రాత్రి పదకొండు దాటాక, 76 ఏళ్ల ఒక పెద్దావిడ మోకాళ్ల దాకా మంచు అంటిన బూట్లతో మేము కూర్చున్న హాలులోకి వచ్చారు. అంబులెన్సులో వచ్చిన అమ్మాయి ఆమె మనవరాలట. చంటిపిల్లతో ఒక కుటుంబం దిక్కుతోచక ఉందని ఫోన్ చేసిందట. ఆమె మమ్మల్ని ఏమీ అడగలేదు. నేరుగా పాప ముందు నేల మీద కూర్చొని, తడిసిన బూట్లు విప్పి, ఆ చిన్న పాదాలను రెండు అరచేతుల మధ్య కాసేపు పట్టుకొని, తన కోటు జేబులోంచి ఉన్ని మేజోళ్లు తీసి తొడిగారు. అప్పటిదాకా డాక్టర్లతో, ఇన్సూరెన్సు వాళ్లతో కంటతడి లేకుండా మాట్లాడిన నేను, ఆ మేజోళ్లను చూసి వెక్కివెక్కి ఏడ్చాను. ఇప్పుడు రాస్తుంటే మళ్లీ కళ్లు నిండుతున్నాయి.

మూడో రోజు దారి తెరిచాక నాన్నగారిని అయోవా సిటీకి తరలించారు. అమ్మ, పాప మాత్రం 11 రోజులు ఆమె ఇంట్లోనే ఉన్నారు. రోజు విడిచి రోజు ఆమె గంటసేపు కారు నడిపి అమ్మను ఆసుపత్రికి తీసుకొచ్చి, చీకటి పడకముందే తిరిగి తీసుకెళ్లేవారు. అమ్మకు ఇంగ్లీషు రాదు, ఆమె తెలుగు మాట ఎప్పుడూ విననైనా లేదు. అయినా రెండో రోజు నుంచే అమ్మ ఆమెను ‘వదినా’ అని పిలవడం మొదలుపెట్టింది, ఆమె పలకడం మొదలుపెట్టారు. మంచం మీద పరిచిన క్విల్టు చూసి, పాత చీరలతో తాను కుట్టే బొంతలు గుర్తొచ్చి అమ్మ దాని కుట్లను వేలితో తడిమిందట. మరునాడు ఆమె సూది, దారం, సగం కుట్టిన ముక్కలు తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టారు. మేము మాంసం తినమని తెలిసి, ఆగస్టులో కంకుల నుంచి ఒలిచి ఫ్రీజరులో దాచుకున్న తీపి మొక్కజొన్న, నేలమాళిగలో సీసాల్లో పెట్టుకున్న టమాటాలు, చిక్కుళ్లు బయటికి తీశారు. అమ్మకోసం పట్నం వెళ్లి బియ్యం కొన్నారు.

ఆమె జీవితం నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. పెళ్లయిన నాటి నుంచి అదే ఇల్లు, అదే పొలం. కోతల కాలంలో పొలంలోకే అన్నం మోసుకెళ్లడం, గింజల బండి తోలడం, కంబైను చెడిపోతే విడిభాగానికి పట్నం పరుగెత్తడం, రాత్రి లెక్కలు రాయడం అన్నీ ఆమె పనులే. 1980లలో వడ్డీలు మండిపోయి, భూముల ధరలు 1981 నుంచి 1986 లోపల సగానికి పైగా పడిపోయినప్పుడు, చుట్టుపక్కల ఇళ్లు ఒక్కొక్కటే వేలానికి వెళ్లాయట. వాళ్ల పొలం నిలవడానికి ఆమె బడి వంటశాలలో ఉద్యోగానికి చేరి 22 ఏళ్లు చేశారు. జీతం కన్నా, కుటుంబానికి ఆరోగ్య బీమా దొరకడమే దానికి ముఖ్య కారణమని చెప్పారు. 2020 ఆగస్టు 10న వచ్చిన డెరెచో అనే భీకర గాలివాన వాళ్ల మొక్కజొన్న చేనును నేలకు పరిచేసి, ఉక్కు గాదెలను నలిపేసింది. భర్త పోయారు, ఇప్పుడు కొడుకు సేద్యం చేస్తున్నాడు, తొమ్మిదిమంది మనవలు. ఇంత మోసిన మనిషికి మా బరువు కూడా ఎత్తుకోవాలని ఎందుకు అనిపించిందో అడిగితే, మంచులో చిక్కుకున్నవాళ్లను లోపలికి పిలవడం కూడా ఒక పనేనా అన్నారు.

బాధతోనే ఒక మాట చెప్పాలి. అమ్మానాన్నలు ఇండియా నుంచి బయలుదేరకముందే సందర్శకుల బీమా కొన్నాము. నాన్నగారు బీపీ మాత్ర వేసుకుంటారన్న ఒక్క కారణంతో, ఇది ముందునుంచే ఉన్న జబ్బు అని ఆ కంపెనీ చేతులు దులుపుకుంది. అరవై దాటిన తల్లిదండ్రుల్లో బీపీ మాత్ర వేసుకోనివారు ఎందరుంటారు? అలాంటివారికి అమ్మే బీమాలో ఆ షరతును అంత చిన్న అక్షరాల్లో దాచడం ఏ న్యాయం? బిల్లు చూసి నేను కుర్చీలో కూలబడితే, ఆమె కళ్లద్దాలు పెట్టుకొని ప్రతి వరుసా చదివారు. లాభాపేక్ష లేని ఆసుపత్రులు ఆర్థిక సహాయ విధానం తప్పనిసరిగా ఉంచాలన్న చట్టం ఉందని నాకు చెప్పి, దరఖాస్తు నింపేదాకా పక్కనే కూర్చున్నారు. అది ఇంకా తేలలేదు. మీ తల్లిదండ్రులకు బీమా కొనేవాళ్లు దయచేసి ఆ పత్రం చివరిదాకా చదవండి.

నాన్నగారు కోలుకుంటున్నారని నాకు తెలిసింది ఆమె వల్లనే. తెనాలి దగ్గర మా ఊళ్లో వరి కోసిన మాగాణిలో దున్నకుండానే మొక్కజొన్న వేస్తాము. తమ చేలో ఎకరాకు 200 బుషెళ్లు (మొక్కజొన్నకు బుషెలంటే సుమారు 25 కిలోలు) పండుతుందని ఆమె చెప్పగానే, వారం రోజులుగా సరిగా మాట్లాడని ఆయన వేళ్ల మీద లెక్క కట్టి, "సుమారు యాభై క్వింటాళ్లు" అన్నారు.

మావారు, హైదరాబాదులోని అన్నయ్య, వదిన చేసినదానికి వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. ఆ రాత్రి గుండె లయ తప్పినప్పుడు కదలకుండా నిలబడిన నర్సుకు, అమ్మకు ఫోన్లో తెలుగులో అన్నీ వివరించిన డాక్టరుగారికి, వంతులవారీగా క్యారియర్లు పంపిన డెమోయిన్ తెలుగు కుటుంబాలకు నమస్కారాలు. అయ్యో, కారును ట్రాక్టరుతో లాగి బయటికి తీసిన ఆమె కొడుకును మరిచాను. డబ్బు ఇవ్వబోతే చేయి వెనక్కి పెట్టుకున్నాడు. పాపకు బొమ్మలు ఇచ్చిన మనవరాలు కూడా ఉంది. ఇంకా చర్చి నుంచి వంటకాలు తెచ్చిన ఆడవాళ్ల పేర్లు కూడా నాకు తెలియవు, మన్నించండి.

తన పేరు రాయవద్దని ఆమె కోరారు, అందుకే రాయలేదు. కానీ ఆ పేరు రాసిన టేపు ముక్క అడుగున అంటించిన ఆమె గాజు గిన్నె ఒకటి మా వంటింట్లో ఉండిపోయింది. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని అమ్మ ఇప్పుడే సున్నుండలకు మినుములు వేయిస్తోంది. శనివారం తీసుకెళ్తున్నాము.