ఆ లివర్ బ్లాకులు పారేయనివ్వకండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను ముప్పై ఒక్క ఏళ్లు హిస్టోపాథాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఏ ఆసుపత్రిలోనో రాయను. ఎవరి మీదో ఫిర్యాదు చేయడానికి కాదు ఈ ఉత్తరం. ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చిన ముక్కను మైనంలో పోసి, మైక్రోటోమ్ అనే కోత యంత్రం మీద నాలుగు మైక్రాన్ల మందాన రిబ్బన్ తీసి, గోరువెచ్చని నీళ్ల మీద తేల్చి స్లైడు మీదికి ఎత్తడం నా పని. స్లైడు చూసి జబ్బు పేరు చెప్పేది డాక్టరు గారు. ఆ తర్వాత మిగిలిన మైనపు దిమ్మ నంబరు వేయించుకుని స్టోరుకు పోతుంది. మేం దాన్ని బ్లాక్ అంటాం. నా ఉత్తరమంతా ఆ స్టోరు గురించే.

మా తమ్ముడికి 2014లో లివర్‌లో గడ్డ బయటపడింది. అంతకు పదేళ్ల ముందు రక్తదానానికి వెళితే హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అని చీటీ ఇచ్చి పంపించారు. అంటే ఒంట్లో హెపటైటిస్ బి వైరస్ ఉందని. మనిషి దిట్టంగా తిరుగుతున్నాడు కదా అని వాడు పట్టించుకోలేదు, ల్యాబ్‌లో ఉండి కూడా నేను పట్టుబట్టలేదు. మా అమ్మ ఒక్కతే కంగారుపడి, కామెర్లేమోనని ఊరి పక్కన ఎవరి దగ్గరో పసరు పోయించుకొచ్చింది. ఆపరేషన్ చేసి గడ్డ తీశారు. మార్జిన్ క్లియర్ అని, అంటే కోసిన అంచుల్లో క్యాన్సర్ లేదని, రిపోర్టు వచ్చింది. మూడేళ్లు మామూలుగానే ఉన్నాడు. ఆ తర్వాత లివర్‌లో ఇంకో పక్కన, మొదటి గడ్డకు బాగా దూరంగా, మరొకటి కనపడింది. అప్పటికే కడుపులో నీరు పట్టేసింది. 2018 సంక్రాంతికి వాడు లేడు.

“అంతా తీసేశామన్నారు కదన్నయ్యా, మళ్లీ ఎట్లా వచ్చింది?” అని అడిగాడు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

జవాబు పదేళ్ల కిందటే అచ్చయి ఉందని తర్వాత తెలిసింది. 2008లో యుజిన్ హోషిదా బృందం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన వెలువరించింది. లివర్ క్యాన్సర్ ఆపరేషన్ అయిన 307 మంది బ్లాకులు, మేం పోసేలాంటి మామూలు బ్లాకులే, ముక్క చెడకుండా ఫార్మలిన్ ద్రవంలో నానబెట్టి మైనంలో పోసినవి, తీసుకుని వాటిలో ఆరు వేలకు పైగా జన్యువులు ఏ మేరకు పనిచేస్తున్నాయో కొలిచారు.

మీ సచివాలయం భాషలో చెబుతాను. ఫైళ్లన్నీ ప్రతి ఆఫీసు బీరువాలోనూ ఉంటాయి. కానీ ఏ ఫైలుకు ఎన్ని నకళ్లు బయటికి వెళుతున్నాయో లెక్కపెడితేనే ఆ ఆఫీసులో నిజంగా ఏం నడుస్తోందో తెలుస్తుంది. కణంలో జన్యువుల సంగతీ అంతే. పనిచేస్తున్న జన్యువు ఆర్‌ఎన్‌ఏ రూపంలో నకళ్లు వదులుతుంది. వాళ్లు లెక్కపెట్టింది ఆ నకళ్లనే.

గడ్డలోని జన్యువులు రోగి ఎన్నాళ్లు బతుకుతాడో చెప్పలేకపోయాయి. చెప్పింది గడ్డ పక్కనున్న లివర్. ముందు 82 మంది జపాన్ రోగుల్లో ఆ సంబంధం దొరికింది, తర్వాత అమెరికా, యూరప్‌లకు చెందిన 225 మంది బ్లాకుల్లో సరిచూశారు. మొత్తం 186 జన్యువులు. వాటిలో 73 చురుగ్గా ఉంటే చెడ్డ సూచన, 113 చురుగ్గా ఉంటే మంచి సూచన. చెడ్డ వైపున్నవి చాలావరకు వాపుకూ వైరస్‌తో పోరాటానికీ సంబంధించినవి. మంచి వైపున్నవి లివర్ తన రోజువారీ పని చేసుకుంటున్నప్పుడు పలికేవి. ఆపరేషన్ తర్వాత రెండేళ్లలోపు తిరగబెట్టేది చాలావరకు పాత గడ్డ అప్పటికే చిమ్మిన విత్తనం. రెండేళ్లు దాటాక వచ్చేది తరచూ ఆ పాడైన నేలలోంచి కొత్తగా మొలిచింది. మా తమ్ముడిది రెండో రకమనే నా అనుమానం. కలుపు పీకేసి, చేను బాగైందనుకున్నాం.

ఆ పేపరులో నన్ను నిద్రపోనివ్వని మాట ఇంకొకటి ఉంది. నూటికి తొంభై బ్లాకుల నుంచి పనికొచ్చే కొలతలు వచ్చాయట. వాటిలో ఇరవై నాలుగేళ్లు దాటినవి కూడా ఉన్నాయట.

ఇరవై నాలుగేళ్లు! నా చేతుల మీదుగా పోసిన బ్లాకులు పదేళ్లకే గోనెసంచుల్లో బయటికి వెళ్లాయి. వెళ్లడమేమిటి, నేనే దగ్గరుండి నింపించాను. స్టోరు అంటే మెట్ల కింద రేకుల గది. మైనం దాదాపు 56 డిగ్రీలకు కరుగుతుంది. మే నెలలో ఆ రేకుల కింద చెయ్యి పెట్టి చూడండి. పై అరల్లోని బ్లాకులు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుపోయి, నంబర్లు చెదిరిపోయి, ఏది ఎవరిదో తెలియని ముద్దయ్యేవి. చోటు లేదు, ఇన్‌స్పెక్షన్ ఉంది, తీసేయమన్నారు. తీసేశాం.

తమ్ముడు పోయాక, వాడికి ఆపరేషన్ చేసిన వేరే ఆసుపత్రికి వెళ్లి బ్లాకులు అడిగాను. గడ్డ బ్లాకు ఇచ్చారు. పక్క లివర్ బ్లాకు ఏదంటే, “అందులో జబ్బేం లేదు కదండీ, అందుకే ఉంచలేదు” అన్నారు. కుర్రాడు మర్యాదగానే చెప్పాడు. నేను సర్వీసులో ఉండగా ఎవరైనా అడిగి ఉంటే నేనూ ఆ మాటే అనేవాణ్ని.

ఇప్పుడు మీతో పని.

రేపటి నుంచి అన్ని ఆసుపత్రుల్లో ఈ జన్యు పరీక్ష పెట్టమని నేను అడగడం లేదు. ఎవరైనా ఖరీదైన ప్యాకేజీగా అమ్మజూస్తే మీరే అడ్డుపడాలి. ఎందుకంటే అది మన రోగులకు ఎంతవరకు సరిపోతుందో మన దగ్గర తేలాలి. 2013లో ఇదే 186 జన్యువుల పరీక్షను ఇటలీలో 216 మంది మీద సరిచూశారు. పదేళ్ల పాటు గమనించిన ఆ రోగులంతా హెపటైటిస్ సి వల్ల సిర్రోసిస్, అంటే లివర్ మచ్చలుపడి గట్టిపడే జబ్బు, వచ్చినవాళ్లు. మనకు ఎక్కువగా ఉన్నది బి. 2022 నాటికి మన దేశంలో హెపటైటిస్ బి ఉన్నవాళ్లు 2.98 కోట్లని, సి ఉన్నవాళ్లు 55 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టింది. పైగా ఈ రెండింటి దారులు వేరు. సి వైరస్ కణంలో ఉండి లివర్‌ను ఏళ్ల తరబడి వాచేలా చేస్తుంది. మందులతో దాన్ని పూర్తిగా వెళ్లగొట్టొచ్చు. బి అలా కాదు. అది తన డీఎన్‌ఏ ముక్కల్ని మన డీఎన్‌ఏలోనే దూరుస్తుంది. ఒక్కోసారి సిర్రోసిస్ రాకుండానే క్యాన్సర్ తెస్తుంది. టెనోఫోవిర్ అనే మందు వాడితే వైరస్ అణుగుతుంది, ముప్పు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

మరి మనవాళ్ల లివర్లలో ఏ జన్యువులు ఎలా పలుకుతున్నాయో చూడాలంటే మనవాళ్ల బ్లాకులే కావాలి. అందుకని బోధనాసుపత్రులకు మీ శాఖ నుంచి ఒక ఉత్తర్వు వెళ్లాలి. లివర్ క్యాన్సర్ ఆపరేషన్ జరిగిన ప్రతి రోగివీ రెండు బ్లాకులు, గడ్డదీ దాని పక్క లివర్‌దీ, మీ శాఖ అనుమతి లేకుండా ఎవరూ తీసేయకూడదు. ఏసీలు అక్కర్లేదు. ఎండ తగలని ఒక గది, చెదలు పట్టని ఇనుప బీరువా చాలు.

ఫార్మలిన్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎవరూ చెప్పరు కాబట్టి. ఆర్‌ఎన్‌ఏ చాలా సున్నితం. ముక్క శరీరంలోంచి బయటికొచ్చిన క్షణం నుంచే చెడిపోవడం మొదలవుతుంది. ఫార్మలిన్ లోపలికి ఇంకేది గంటకు సుమారు ఒక మిల్లీమీటరు. పిడికెడు లివర్‌ను కోయకుండా, ఆవకాయ జాడీలో ముక్కలు కుక్కినట్టు చిన్న డబ్బాలో కుక్కి, పైన రెండు చెంచాల ఫార్మలిన్ పోసి పంపితే మధ్య భాగం మా దగ్గరికి వచ్చేసరికి కుళ్లి ఉంటుంది. శనివారం ఆపరేషనైతే సోమవారం దాకా అలాగే. ముక్కకు పదింతల ఫార్మలిన్ ఉండాలి, అదీ బఫర్ కలిపింది. బఫర్ లేకపోతే ఆమ్లమై ఆర్‌ఎన్‌ఏను తినేస్తుంది. నేను చూసిన ఇండెంట్లలో బఫర్ ఉప్పులు ఎప్పుడూ “తర్వాత చూద్దాం” వరసలోనే ఉండేవి. అవి సోడియం ఫాస్ఫేట్ లవణాలు, బంగారం కాదు. ముక్క ఎన్ని గంటలకు తీశారు, ఎన్ని గంటలకు ఫార్మలిన్‌లో వేశారు అన్న రెండు గడులు రిక్విజిషన్ ఫారంలో చేరిస్తే చాలు, థియేటర్‌లో జాగ్రత్త దానంతటదే వస్తుంది.

బ్లాకు ఉండి, రోగి ఏమయ్యాడో తెలియకపోతే అది ఉట్టి మైనం. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల వివరాలు ఆ పథకం ట్రస్టు దగ్గర ఉన్నాయి. రోగి అనుమతి తీసుకుని, బ్లాకు నంబరును ఆ రికార్డుకు కలిపి, ఆరు నెలలకోసారి ఫోన్ చేసి అడిగే మనిషిని పెట్టండి. ఆ ఫోనుకు ఇంకో లాభం ఉంది. సిర్రోసిస్ ఉన్నవాళ్లు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి. ఇంట్లో ఎవరూ గుర్తుచేయక చాలామంది మానేస్తారు. జన్యు పరీక్ష మన రోగుల్లో నిలబడితే, ముప్పు ఎక్కువున్నవాళ్లను ఇంకా దగ్గరగా చూడొచ్చు, లివర్ మార్పిడి గురించి ముందే ఆలోచించొచ్చు.

టీకా ఉంది కదా అంటారేమో. ఉంది. దేశంలోనే తయారైన మొదటి రీకాంబినెంట్ (జన్యు మార్పిడి పద్ధతిలో చేసిన) హెపటైటిస్ బి టీకాను 1997లో తెచ్చింది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్. తెలుగువాళ్లం గర్వంగా చెప్పుకునే సంగతే. కానీ మా తమ్ముడు పుట్టింది 1968లో. వాడి ఈడువాళ్లకూ, వాడి తర్వాత టీకా అందకముందు పుట్టినవాళ్లకూ ఒంట్లో అప్పటికే వైరస్ ఉంటే టీకా వల్ల లాభం లేదు. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద 2018 జులై నుంచి మందులు ఉచితం. అదీ మంచిదే. ఇంకో ఇరవై ముప్పై ఏళ్లు లివర్ క్యాన్సర్ ఆపరేషన్లు జరుగుతూనే ఉంటాయి, బ్లాకులు వస్తూనే ఉంటాయి.

తమ్ముడి గడ్డ బ్లాకు మా ఇంట్లో, ఫ్రిజ్‌లో కింది అరలో, పాత మాత్రల డబ్బాలో ఉంది. మీ శాఖ అలాంటి అధ్యయనం మొదలుపెట్టిన రోజు తెచ్చి ఇస్తాను. దాని జత లేదు కాబట్టి వాళ్లకు పెద్దగా పనికిరాకపోవచ్చు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్