ఖాళీ అయిన తేనెటీగల పెట్టెల గురించి అయిదోసారి అడుగుతున్న ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం మేనేజరు గారికి,

అయ్యా,

అంబాజీపేట దగ్గర మా కొబ్బరితోటలో పెంచుతున్న తేనెటీగలకు ఆరేళ్లుగా పెట్టెలు, చట్రాలు, మైనపు రేకులు అన్నీ మీ సంస్థలోనే కొంటున్నాను. ఈ చలికాలంలో పది పెట్టెల్లో నాలుగు ఖాళీ అయ్యాయి. ఈగలు పోయినందుకు మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. నేను అడిగింది ఒక్కటే: ఆ పెట్టెలను, చట్రాలను కొత్త గుంపుకు వాడవచ్చా, తగలబెట్టాలా?

మొదటిసారి ఫోనెత్తిన అమ్మాయి నా మాట పూర్తికాకుండానే అవి చలికి చచ్చిపోయాయని తేల్చి, చట్రాలను రెండు రాత్రులు మంచులో పెడితే, తేనెపట్టును తినేసే మైనపు పురుగు గుడ్లతో సహా నశిస్తుందని ఏదో కాగితం చదివి వినిపించింది. ఆ కాగితం ఏ చలిదేశానిదో గానీ, మా కోనసీమలో పుష్యమాసపు మంచు అంటే తెల్లవారుజామున కొబ్బరి మట్టల నుంచి కారే నీటిబొట్లు. అందులో పెట్టిన చట్రానికి బూజు పడుతుందే తప్ప పురుగు చావదు. ఆ మాటే చెబితే, అయితే మీ వైపు మంచుగడ్డలు ఎప్పుడు పడతాయని అడిగింది. గోదావరి గడ్డకట్టగానే కబురు చేస్తానన్నాను. నోట్ చేసుకున్నానంది.

రెండో వ్యక్తి వాట్సాప్‌లో ఫొటోలు పంపమన్నారు. మూతలు లోపలికి కుంగి చిల్లులు పడిన ఈగపిల్లల గదులను, వాటిలో గుచ్చిన అగ్గిపుల్లకు తీగలా సాగిన గోధుమరంగు జిగురును దగ్గరగా తీసి పదకొండు ఫొటోలు పంపాను. ఈగపిల్లలను చంపే అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ అనే అంటు తెగులుకు ఆ జిగురు ఒక గుర్తు. దాని బీజాలు పాత చట్రాల్లో 40 ఏళ్లు దాటినా చావవు. ఇది ఆ తెగులేనని నేను అనడం లేదు, కాదని తెలిసినవారు ఎవరైనా చెప్పాలనే నా ఆరాటం. బదులుగా రెండు నీలి టిక్కులు, మర్నాడు కొత్త పెట్టెల మీద తగ్గింపు ప్రకటన వచ్చాయి.

మూడో ఆయన నా ఫిర్యాదు పరిష్కారమై మూసివేసినట్టు కంప్యూటర్ చూపిస్తోందన్నారు. నాలుగో ఆయన ఉప్పునీళ్లతో కడిగి వాడుకోమన్నారు. ఆ ముక్క రాసిమ్మంటే మాత్రం తమకు ఆ అధికారం లేదన్నారు.

మిగిలిన ఆరు పెట్టెల ఈగలు పాత తేనె దోచుకోవడానికి వచ్చి జబ్బు అంటించుకుంటాయేమోనని, సంక్రాంతి నుంచి ఆ నాలుగింటి ద్వారాలకు మట్టి మెత్తి, గోనెసంచులు చుట్టి పశువుల పాకలో దాచాను. మా చుట్టుపక్కల ఎందరి చేతనో మీ పెట్టెలు కొనిపించినవాణ్ణి నేను. వాళ్లు ఇప్పుడు పాకలోకి తొంగిచూసి, మీ కంపెనీవాళ్లు ఏమన్నారండీ అని అడుగుతుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

విషయం తెలిసిన మనిషిని ఒకరిని పంపండి, ఆయన చెప్పింది కాగితం మీద పెట్టించండి. డబ్బు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. వారంలోగా ఎవరూ రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళతాను. అంతకంటే ముందు ఒక పెట్టెను బస్సులో మీ ఆఫీసుకే తెచ్చి, మీ బల్ల మీద మూత తీస్తాను. అగ్గిపుల్ల నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
మీ ఆరేళ్ల ఖాతాదారుడు