అది ఒట్టి శుక్లం ఆపరేషన్ కాదని చెప్పండి

సంపాదకులకు,

కోనసీమలో శుక్లం ఆపరేషన్‌ అంటే ఇప్పుడు ఎవరికీ భయం లేదు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరుతున్నారు. మంచిదే. కానీ శుక్లంతో పాటు నీటికాసులకూ (కంటిలో ఒత్తిడి పెరిగే గ్లకోమా జబ్బు) కలిపి ఆపరేషన్ చేయించుకున్నవారు కూడా అదే ధీమాతో ఉండిపోతున్నారు.

మా పెద్దమ్మకు ఒకే కంటికి రెండూ చేశారు. శుక్లం తీసి లెన్సు వేసి, కంటి ఒత్తిడి తగ్గేందుకు లోపలి నీరు బయటికి రావడానికి చిన్న దారి పెట్టారు. ఆ నీరు చేరినచోట, నల్లగుడ్డుకు పైన, రెప్ప ఎత్తితే నీటిబొబ్బలా కనిపించేది. ఆపరేషన్‌ చక్కగానే జరిగింది, వంక పెట్టడానికి లేదు. చిక్కంతా తర్వాతే. దారి పూడితే ఒత్తిడి మళ్ళీ పెరుగుతుంది. నీరు మరీ ఎక్కువ పోతే కన్ను మెత్తబడి చూపు మసకబారుతుంది. దారి పూడకుండా ఆపరేషన్‌లో వాడే మైటోమైసిన్ అనే మందు వల్ల బొబ్బ పొర పల్చబడి, ఏళ్ళ తర్వాత కూడా చిల్లిపడవచ్చు, క్రిములు లోపలికి చొరబడవచ్చు.

ఆమె డిశ్చార్జి కాగితంలో ఇదంతా ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఉంది. ఇంటిల్లిపాదీ శుక్లమే అనుకున్నాం. కొన్నేళ్ళకు కన్ను ఎర్రబడి పుసి కడితే, ఊళ్ళో కళ్ళకలక అని చుక్కల మందు ఇచ్చారు. కాకినాడ తీసుకువెళ్ళేసరికి ఇన్ఫెక్షన్‌ కంటి లోపలికి దిగింది. ఆ కంటి చూపు పోయింది.

ఆపరేషన్ చేసేవారిని, శిబిరాలు పెట్టేవారిని కోరేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. రోగి చేతికి తెలుగులో ఒక కార్డు ఇవ్వండి. ఏ కంటికి ఏం చేశారో రాయండి. ఎరుపు, నొప్పి, పుసి, చూపు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలని పెద్ద అక్షరాల్లో అచ్చు వేయండి. ఇక మొదటి వారాల్లో ఒత్తిడి చూడటానికి, అవసరమైతే కుట్టు వదులు చేయడానికి పదేపదే రమ్మంటారు. లంక గ్రామాల నుంచి రేవు దాటి, బస్సు పట్టుకుని, తోడు మనిషి కూలి పోగొట్టుకుని ఎన్నిసార్లు వెళ్ళగలరు? ఆ పరీక్షలు అమలాపురం ఏరియా ఆసుపత్రిలోనే చేసే ఏర్పాటు ఉండాలి. అలాంటి కళ్ళున్నవారి జాబితా ఊరి ఆశా కార్యకర్త దగ్గర ఉండాలి.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఈ ఆపరేషన్ అయినవారు డాక్టరును అడగకుండా నదిలో తల ముంచవద్దని రేవుల దగ్గర బోర్డులు పెట్టే పని ఆరోగ్యశాఖ ఇప్పుడే మొదలుపెట్టాలి.

– ఒక పాఠకురాలు, కోనసీమ