ఉండవల్లి గుహల్లో కలిసిన బాబాయిగారికి

బాబాయిగారూ, మీ పేరు అడగలేదు, విజయవాడలో ఎక్కడుంటారో కూడా తెలియదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఉండవల్లి గుహల్లో అనంతపద్మనాభస్వామి ఉన్న అంతస్తులో, ఇంటి వాటాల గొడవతో బుర్ర వేడెక్కి కూర్చున్న నన్ను మీరు "ఏమైందమ్మా" అని అడగలేదు. అదెంత సాయమో! ఆ రోజుల్లో కనిపించినవాళ్లంతా అదే అడిగి, కోర్టుకెళ్లమనో సర్దుకుపొమ్మనో సలహా కూడా ఇచ్చేవాళ్లు.

మీరు రమణ మహర్షి సంగతి చెప్పారు. 1896లో పదహారేళ్ల కుర్రాడు మదురైలో ఇల్లు వదిలి అరుణాచలం చేరడం, దగ్గరున్న కాస్త డబ్బూ, ఒంటి మీది జంధ్యమూ తీసేయడం, 1899 నుంచి 1916 దాకా విరూపాక్ష గుహలో ఉండటం, వచ్చినవాళ్లను "నేనెవరు" అని లోపలే వెతుక్కోమనడం. అంతా చెప్పి, "నువ్వు ఇల్లు వదలక్కర్లేదు తల్లీ, రోజూ కాసేపు ఒక్కదానివే కూర్చో, దేవుణ్ణి ఏమీ అడక్కుండా" అన్నారు.

కూర్చుంటున్నానండీ, ఫోన్ ఇంట్లో పెట్టేసి, కృష్ణ ఒడ్డున. మొదట్లో కోపమే పైకొచ్చేది, దాని కింద నాన్న పోయిన దుఃఖం ఉందనీ, నాన్న నన్నూ లెక్కలోకి తీసుకున్నాడని ఎవరైనా చెబితే వినాలన్న ఆశ ఉందనీ మెల్లగా తెలిసింది. వాటా నా హక్కు, అది వదులుకోలేదు. పంతం మాత్రం వదిలేశాను, అన్నయ్యకు నేనే ఫోన్ చేశాను. దుర్గమ్మ గుడికి వెళ్తే ఇప్పుడు కోరికలేవీ గుర్తురావు, అమ్మ ఉందన్న ధైర్యం మాత్రం ఉంటుంది.

మీకు నా నమస్కారాలు బాబాయిగారూ. ఆయన్ని ఎరిగినవాళ్లెవరైనా ఇది చదివితే దయచేసి ఆయనకు వినిపించండి.