316ఎల్ ట్యూబులో 308ఎల్ రాడ్లు: ఆరు వారాలుగా దిక్కూమొక్కూ లేని ఫిర్యాదు

కస్టమర్ కేర్ విభాగం వారికి (అలాంటి విభాగం నిజంగా ఉంటే),

అయ్యా, అమ్మా,

ఇది నా ఏడో ఫిర్యాదు. ముందటి ఆరింటికీ ఆరు టికెట్ నంబర్లు ఇచ్చారు, అన్నీ గోడ మీద సుద్దతో రాసిపెట్టుకున్నాను. దీనికి నంబరు ఇవ్వకపోయినా పర్వాలేదు, ఎవరో ఒక మనిషి చదివితే చాలు.

సంగతి చిన్నదే. మీ టిగ్ ఫిల్లర్ రాడ్ల (స్టెయిన్‌లెస్ వెల్డింగ్‌లో జాయింటులోకి కరిగించే తీగల) 5 కిలోల ట్యూబు మీద 316ఎల్ అనే రకం పేరు ఉంది. లోపలున్న 140 రాడ్లలో 19 రాడ్ల కొసన 308ఎల్ అని వేరే రకం పేరు గుద్ది ఉంది. ముద్ర ఉన్న కొసను చేతిలో పట్టుకుని రెండో కొస నుంచి కరిగించుకుంటూ రావడం మా పాత అలవాటు. దాని పుణ్యమా అని నాలుగో జాయింటు అయ్యాక చేతిలో మిగిలిన ముక్క మీద నంబరు కంటపడింది. లేకపోతే ఈ రెండింటికీ తేడా కంటితో చూసి పట్టే మొనగాడు లేడు. రెండూ ఒకేలా మెరుస్తాయి, ఆర్క్ కింద ఒకేలా కరుగుతాయి. 316ఎల్‌లో ఉప్పు తినేయకుండా కాపాడే మాలిబ్డినం 2 నుంచి 3 శాతం ఉండాలి, 308ఎల్‌కి ఆ బలం లేదు. నేను వేస్తున్నది ఉప్పునీటి పైపులైను. అలాగే వదిలేసి ఉంటే కొన్నాళ్లకు జాయింట్ల దగ్గర గుంటలు పడి కారేది, తిట్లు మాత్రం నాకే పడేవి. అందుకని నాలుగూ కోసేసి, మళ్లీ అంచులకి బెవెల్ (ఏటవాలు) కొట్టి, పైపు లోపల గాలి తగలకుండా ఆర్గాన్ గ్యాసు నింపుకుని మొదటి నుంచీ వేశాను. దీని గురించి ఇక రాయను. ప్యాకింగ్ బల్ల మీద రెండు రకాలు కలిసిపోయి ఉంటాయి, ఎవరికైనా జరిగేదే. ఆ పూటే మనసులో మాఫీ చేసేశాను కూడా.

ఆ తర్వాత మీరు నాకు చూపించిన సినిమా మాత్రం మాఫీ చేయలేను.

మొదటిసారి ఫోన్ ఎత్తినావిడ చాలా మర్యాదగా మెషీన్ సీరియల్ నంబరు అడిగింది. "రాడ్డుకి సీరియల్ నంబరు ఉండదమ్మా, ఏ విడత కరిగించిన లోహమో చెప్పే హీట్ నంబరు ఉంటుంది" అన్నాను. సిస్టమ్‌లో ఆ గడి లేదట, సీరియల్ నంబరు కొట్టనిదే ముందుకు కదలదట. చివరికి ఆవిడే జాలిపడి ఏవో సున్నాలు కొట్టింది. రెండు రోజులకు మెసేజి వచ్చింది: "మీ మెషీన్ సర్వీసింగ్ నమోదైంది."

రెండోసారి ఇరవై నిమిషాలు పాట వినిపించి టెక్నికల్ నిపుణుడికి కలిపారు. ఆయన సగం విని, రాడ్లకి తేమ పట్టి ఉంటుంది, ఓవెన్‌లో పెట్టి ఆరబెట్టండి అన్నాడు. ఆరబెట్టేది పూత ఉన్న ఎలక్ట్రోడ్లను సార్. టిగ్ రాడ్డుకి పూత ఎక్కడిది, అది ఒట్టి తీగ. ఓవెన్‌లో తెల్లార్లూ కాల్చినా 308 కాస్తా 316 అవదు. ఆ మాట అన్నందుకు నేను "సహకరించడం లేదు" అని రాసుకున్నారట, మూడోసారి ఫోన్ ఎత్తినతను చదివి వినిపించాడు.

అతనే ఇంకో మాట కూడా చెప్పాడు. ట్యూబు సీలు విప్పకుండా వెనక్కి పంపితేనే తీసుకుంటారట. సీలు విప్పకుండా లోపల ఏముందో నాకెలా తెలుస్తుంది బాబూ అంటే, "పాలసీ సార్" అన్నాడు.

డీలరును అడిగితే కంపెనీని అడగమన్నాడు, మీరేమో డీలరును అడగమన్నారు. విసిగిపోయి ఇద్దరినీ ఒకే కాల్‌లో కలిపాను. ఒకరికొకరు నమస్కారాలు చెప్పుకున్నారు, వ్యాపారం ఎలా ఉందని ఒకరినొకరు అడిగారు. తర్వాత లైను తెగింది.

ట్యూబు మీద ఒక హీట్ నంబరు, మీరు మెయిల్లో పంపిన టెస్ట్ సర్టిఫికెట్‌లో ఇంకో హీట్ నంబరు ఉన్నాయి. ఏది సరైనదని రాస్తే వచ్చిన జవాబు ఇదీ: "రెండూ సరైనవే." దాన్ని ప్రింటు తీసి షెడ్డులో అతికించాను. కుర్రాళ్లు రోజూ చదివి నవ్వుకుంటున్నారు.

బుధవారం ఇంజనీరు వస్తాడన్నారు. పని ఆపి, షెడ్డు ఊడ్పించి, 19 రాడ్లనూ బల్ల మీద పెళ్లిచూపులకి పెట్టినట్టు పేర్చి కూర్చున్నాను. ఎవరూ రాలేదు. గురువారం పొద్దున్నే, మా ఇంజనీరు సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని మెసేజి వచ్చింది.

11 ఏళ్లుగా మీ రాడ్డు తప్ప ఇంకోటి ముట్టలేదు. నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి కుర్రాడూ మొదటి వెల్డింగ్ పూస వేసింది మీ రాడ్డుతోనే. చవగ్గా దొరుకుతున్నాయని ఎవరైనా వేరేవి తెస్తే, నేనే కసిరి మీవి తెప్పించేవాణ్ణి. బుద్ధి తక్కువై.

నాకేం కావాలో కూడా చెప్పాలి కదా. ట్యూబు మారుస్తారో, డబ్బు తిరిగిస్తారో, నాలుగు జాయింట్ల కూలి, గ్యాసు ఖర్చు కట్టిస్తారో మీ ఇంగితానికి వదిలేస్తున్నాను. ముందు మాత్రం ఒకటి చెప్పండి, ఈ హీట్ నంబరు ట్యూబులు ఇంకెంతమంది చేతుల్లో ఉన్నాయి? ముద్ర కొస నుంచి కరిగించే అలవాటున్న వాళ్లకి ఇది ఎప్పటికీ తెలియదు. వాళ్లకి కబురు పెట్టారా?

నెలాఖరులోగా జవాబు రాకపోతే వకీలు నోటీసు వస్తుంది. అదీ పనిచేయకపోతే ఈ 19 రాడ్లూ పట్టుకొచ్చి మీ ఆఫీసు గేటుకే అడ్డంగా అతికించి పోతాను. ఇనప గేటుకి స్టెయిన్‌లెస్ అతికించాలంటే 309ఎల్ కావాలి, అది మాత్రం ఇంకో కంపెనీది కొనుక్కుంటాను.

చివరగా, ఆరో టికెట్‌ను "కస్టమర్ అందుబాటులో లేరు" అని మూసేశారు. ఆ రోజు మీ ఫోన్ ఒక్క రింగు ఇచ్చి ఆగిపోయింది. హెల్మెట్, గ్లవ్స్ వేసుకుని ఒక చేత్తో టార్చి, రెండో చేత్తో మీ రాడ్డే పట్టుకుని ఉన్నాను. ఈసారి మధ్యాహ్నం ఒంటిగంట, రెండింటి మధ్య చేయండి. కనీసం ఆరు రింగులు ఇవ్వండి.

ఇట్లు,
మీ రికార్డుల్లో సున్నా సీరియల్ నంబరు మెషీన్ యజమాని