పంచాయతీ ఫోన్లకు బ్యాటరీ కూడా కావాలి

సంపాదకులకు,

గ్రామ పంచాయతీలకు ఇంటర్నెట్ అందించే కేంద్ర పథకం భారత్‌నెట్ కింద ఫైబర్ చేరిన పంచాయతీ కార్యాలయాల్లో ఇంటర్నెట్ ఆధారిత (ఐపీ) ఫోన్లు పెట్టాలన్న ఆలోచన మంచిదే. అధికారి బదిలీ అయినా నంబరు కార్యాలయానికే ఉంటుంది, వచ్చిన కాల్‌ను నీటి సరఫరాకో, పన్నుల విభాగానికో మళ్లించవచ్చు, కార్యదర్శి సొంత సెల్‌ఫోన్‌కూ కాస్త విశ్రాంతి దొరుకుతుంది.

అయితే పాత రాగితీగ ల్యాండ్‌లైన్‌కు విద్యుత్తు టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచే అందేది కనుక ఊళ్లో కరెంటు పోయినా అది మోగేది. ఐపీ ఫోన్‌కు, రూటర్‌కు, ఫైబర్ పెట్టెకు మాత్రం కార్యాలయంలోనే కరెంటు ఉండాలి. తుపాను రాత్రి తీరప్రాంత పంచాయతీతో మాట్లాడవలసి వచ్చేది సరిగ్గా కరెంటు లేనప్పుడే. అందువల్ల బ్యాటరీ ఎన్ని గంటలు నిలవాలో, ఫైబర్ తెగితే కాల్ ఏ మొబైల్‌కు మళ్లాలో ఈ ఫోన్ల టెండరు పత్రంలోనే స్పష్టంగా రాయాలని, అంతవరకు ఇప్పుడున్న ల్యాండ్‌లైన్లను తొలగించవద్దని అధికారులను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, కాకినాడ