చుక్కల ముగ్గులో క్వాంటమ్

సంపాదకులకు నమస్కారం.

అమరావతి క్వాంటమ్ వ్యాలీ ప్రకటన వచ్చాక కోనసీమ డిగ్రీ కాలేజీల్లోనూ అదే మాట. క్వాంటమ్ అంటే కోడింగే అనుకుని కెమిస్ట్రీ పిల్లలు పక్కకు తప్పుకుంటున్నారు. కొత్త క్వాంటమ్ పదార్థాన్ని, అంటే ఎలక్ట్రాన్లు మామూలు లోహాల్లోలా కాక వింతగా నడిచే పదార్థాన్ని వెతకడానికి కావలసిన మొదటి లెక్క మాత్రం వాళ్ల సిలబస్‌లోనే ఉంది.

జిర్కోనియం సిలికాన్ సల్ఫైడ్‌నే చూడండి. ఇందులో ఎలక్ట్రాన్లు బరువు లేనట్టు పరుగెడతాయని 2016లో తేలింది. సిలికాన్ పరమాణువులు చుక్కల ముగ్గులా చదరపు వరసల్లో ఉంటాయి. జిర్కోనియం ఇచ్చే 4 ఎలక్ట్రాన్లలో గంధకానికి 2, సిలికాన్‌కు 2. అంటే సొంత 4తో కలిపి సిలికాన్ దగ్గర మొత్తం 6. ఆరుంటే సెలీనియం గొలుసులో లాగా రెండు బంధాలే రావాలి. ఇక్కడేమో చుట్టూ నాలుగు చుక్కలు! రెండు బంధాల సొమ్ము నాలుగిళ్లకు పంచాలి కాబట్టి ఎలక్ట్రాన్లు ఏ ఒక్కచోటా కుదురుకోవు. కిటుకంతా ఇక్కడే ఉంది.

ముగ్గు చెదరకుండా నిలుస్తుందా అన్నదానికి అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో లెస్లీ షూప్ బృందం చిన్న కొలత ఇచ్చింది. సిలికాన్–సిలికాన్ దూరం 2.51 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పదికోట్లో వంతు), సిలికాన్–జిర్కోనియం 2.83. భాగిస్తే 0.89. ఇది 0.95 లోపుంటే ఆశ పెట్టుకోవచ్చు. అంతకు మించితే ముగ్గు గొలుసులుగా విడిపోయే అవకాశం ఎక్కువ. స్ఫటికాల్లో పరమాణువుల అమరిక వివరాలు ఉచితంగా దొరికే క్రిస్టలోగ్రఫీ ఓపెన్ డేటాబేస్, ఒక కాలిక్యులేటర్ ఉంటే ఫైనలియర్ పిల్లలు ప్రాజెక్టు కింద వందల సమ్మేళనాలను ఇలా జల్లెడ పట్టవచ్చు. నన్నయ విశ్వవిద్యాలయం దీన్ని పరిశీలించాలి.

తయారీ వేరే సంగతి, దాన్ని పెద్ద ల్యాబ్‌లకే వదలాలి. 2 గ్రాములకు జిర్కోనియం 1.205, సిలికాన్ 0.371, గంధకం 0.424 గ్రాములు తూచి, క్వార్ట్జ్ గొట్టంలో గాలి తీసేసి సీలు వేస్తారు. గంధకం 445 డిగ్రీలకే మరుగుతుంది. అది లోహంతో కలిసేలోపు వేడి తొందరపడి పెంచితే ఆవిరి ఒత్తిడికి గొట్టం పగులుతుంది. గాలి మిగిలితే తెల్లటి జిర్కోనియం ఆక్సైడ్ వస్తుంది. తర్వాత పొడికి కాస్త అయోడిన్ చేర్చి, గొట్టం ఒక కొసను 1100, రెండో కొసను 1000 డిగ్రీల దగ్గర రోజుల తరబడి ఉంచితే స్ఫటికాలు పెరుగుతాయి.

అన్నట్టు, అంతర్వేది నల్ల ఇసుకలోని జిర్కాన్‌లో జిర్కోనియం, సిలికాన్ రెండూ ఉన్నాయి కదా అని ఎవరూ ఆ ఇసుక తెచ్చి గొట్టంలో పోయకండి. అందులో ఆక్సిజన్ ఆ రెంటినీ వదలదు, పైగా హాఫ్నియం అనే మరో లోహం కూడా కలిసే ఉంటుంది.

– ఒక కెమిస్ట్రీ అధ్యాపకుడు, అమలాపురం